ఆకుల పాతర

ఈసారి ఆకుల పాతర నేనే వేశాను. వేసవిలో ఆవుకు మేతగా ఉండాలని చెట్ల ఆకులు తరిగి, బెల్లం మడ్డి కలిపి, గుంటలో తొక్కి పైన పట్టా కప్పాను. ఈ రోజు పట్టా తీయగానే కుళ్లు కంపు గుప్పుమంది. కొంగుతో ముక్కు మూసుకున్నాను.

మా అత్తయ్య ముక్కంటే దాణా కొట్టువాడికి కూడా హడల్. ఆవిడ గుప్పెడు ఆకు తీసి చాలాసేపు వాసన చూసింది.

"భలే మాగిందే పిల్లా! మడ్డి సమంగా పడింది."

వెటకారమేమోనని ముఖం చూశాను. నిజంగానే మురిసిపోతోంది. ఆ గుప్పెడు ఆవుకు అందిస్తే అది తల తిప్పేసుకుంది.

"దీనికి పొగరు. నువ్వేంటే, ముక్కు మూసుకున్నావ్?"

పొద్దున పాలు మాడుతున్నా ఆవిడ పొయ్యి పక్కనే ఎందుకు కూర్చుండిపోయిందో నాకప్పుడర్థమైంది.

"నాకు జలుబు అత్తయ్యా," అని కొంగు దించేశాను.

ఈ ఇంటికొచ్చాక ఆవిడ నన్ను మెచ్చుకోవడం ఇదే మొదటిసారి.