దారం కొస

మిషన్ నడుస్తున్నంతసేపూ పాప దగ్గర ఎవ్వరూ ఉండకూడదు. అందుకని మా రేడియేషన్ గదిలో ఒక పద్ధతి పెట్టుకున్నాం. దారం ఒక కొస పాప చేతికిస్తాం. రెండో కొస తలుపు బయట అమ్మ పట్టుకుంటుంది. ఇటు అమ్మ లాగితే అటు పాప లాగుతుంది, నేనున్నాలే అని.

ఇప్పుడొస్తున్న ఈ పాపకి కంట్లో పుట్టిన అరుదైన కాన్సర్ మెదడుకి పాకింది. సోమవారం నుంచి ఆ చేతికి పట్టు పోయింది. దారం తలుపు బయట నా కుర్చీ పక్కనుంచే వెళ్తుంది కాబట్టి, అప్పట్నుంచీ అమ్మ చూడకుండా నేనే మునివేలితో లాగుతున్నాను.

ఇవాళ మిషన్ ఆగగానే ఆవిడ నా పక్కకొచ్చి నిలబడింది.

"నువ్వే లాగుతున్నావని తెలుసులే చెల్లీ. చెంచా పట్టుకోలేని పిల్ల దారమేం లాగుతుంది? నిన్ను చిన్నబుచ్చడం ఎందుకని ఊరుకున్నా."

నేను కుర్చీ ఆవిడ వైపు తిప్పాను.

"కానీ ఇవాళ వరసగా మూడుసార్లు లాగావు చూడు, అది మా ఇద్దరి గుర్తు. పడుకునే ముందు పాప నా చెయ్యి అలాగే లాగేది. నిద్రొస్తోంది, లైటార్పెయ్యమ్మా అని. నీకెవరు చెప్పారు?"

లోపలి గదిని చూపించే కెమెరా తెర వైపు చూశాను. పాప అరచెయ్యి తెరుచుకునే ఉంది. దారం కొస నేల మీద పడి ఉంది.

ఇవాళ మిషన్ మొరాయిస్తుంటే నా రెండు చేతులూ మీటల మీదే ఉన్నాయి. దారాన్ని నేను ముట్టుకోనే లేదు.