దొంగ సాక్షి

"నువ్వు పుట్టినప్పుడు నేను ఆడే ఉంటిని పాపా."

ఆ మాట వినగానే సుమ ఒళ్ళో ఉన్న ఫైలును గట్టిగా పట్టుకుంది.

ఎదురుగా నిలబడిన ముసలామె అప్పుడే బస్సు దిగినట్టుంది. కాళ్ళ నిండా ఎర్రదుమ్ము. పెనుకొండలోని ఆ ప్రభుత్వ ఆఫీసు వరండాలో ఇరవై మంది కూర్చుని ఉంటే, ఒకరిద్దరిని వాకబు చేసి సరాసరి సుమ దగ్గరికే వచ్చింది.

సుమకు వెంటనే అర్థమైపోయింది. వచ్చేసింది, జెరాక్స్ షాపువాడు పంపిన సరుకు!

పోయిన సోమవారం వాడే అన్నాడు.

"సాక్షి కావల్నా మేడం? ఒక ముసలామెను తెస్తా. నువ్వు పుట్టినప్పుడు ఆడే ఉంటినని ఒట్టేసి చెప్తాది."

వద్దు పొమ్మంది సుమ. దొంగ సాక్ష్యమని తేలితే వీసా పోవడం ఒక్కటే కాదు, ఆ దేశం గడప మళ్ళీ తొక్కనివ్వరని ఆమె భయం.

సుమకు జర్మనీలో నర్సు ఉద్యోగం వచ్చింది. హిందూపురంలో ఆసుపత్రి డ్యూటీ చేస్తూనే రెండేళ్ళు కిందా మీదా పడి ఆ భాష నేర్చుకుంది. శుక్రవారం బెంగళూరులో వీసా ఇంటర్వ్యూ. అన్ని కాగితాలూ ఉన్నాయి, జనన ధ్రువపత్రం ఒక్కటే లేదు.

చెన్నేకొత్తపల్లి పక్క పల్లెలో, ఇంట్లోనే పుట్టింది. ఎవరూ రాయించలేదు. అమ్మ పురిట్లోనే పోయింది. మరుసటేడు నాయన పోయాడు. హిందూపురం తీసుకొచ్చి సాకిన అవ్వ కూడా నిరుడు పోయింది. ఇప్పుడు ఆ పత్రానికి అర్జీ పెడితే, పుట్టిన తేదీ తెలిసిన మనిషిని సాక్షిగా తెమ్మన్నారు. ఎక్కడి నుంచి తెస్తుంది?

ఈరోజే విచారణ. ఉత్త చేతులతో వచ్చి కూర్చుంది.

"అంజనప్ప కూతురువే కదా?" ముసలామె పక్కన చతికిలబడింది.

పేర్లు కూడా బాగానే నేర్పి పంపాడే! జెరాక్స్ తీస్తూ కాగితాలన్నీ చదివేసినట్టున్నాడు.

"నీకెవరు చెప్పినారు?"

"రామాంజి చెప్పినాడు. నువ్వు శానా దూరం పోతాండావంట కదా? ఆడ చలంట. చెవులకు గుడ్డ కట్టుకో తల్లీ. చిన్నప్పుడు నీకు ఒకటే చెవిపోటు."

ఓహో, జెరాక్స్ వాడి పేరు రామాంజి అన్నమాట. అయినా చెవిపోటు రాని పిల్లలు ఎవరుంటారు? చిలక జోస్యం వాళ్ళు చెప్పేవీ ఇవే.

ముసలామె చెయ్యి చాచి సుమ తల నిమరబోయింది. సుమ చటుక్కున పక్కకు జరిగింది.

"ఈ మాట ఎంతమందికి చెప్పినావవ్వా?"

"ఏ మాట పాపా?"

"పుట్టినప్పుడు ఆడే ఉంటినని. వారానికి ఎంతమంది పుడతాండారు నీ ముందర?"

వరండాలో ఇద్దరు ముగ్గురు నవ్వారు. ఆ నవ్వులతో సుమకు ఇంకాస్త ధైర్యం వచ్చింది.

"లేసి పో. లేకుంటే పోలీసులను పిలుస్తా."

ముసలామెకు కోపం రాలేదు. అది చూసి సుమ అనుమానం ఇంకా గట్టిపడింది. నిజం చెప్పే మనిషికైతే కోపం రావాలి కదా!

ఇంతలో లోపలి నుంచి ఎవరో పిలిస్తే ముసలామె లేచి వెళ్ళింది. పావుగంటకు బయటికొచ్చింది. బొటనవేలికి సిరా మరక. దూరంగానే ఆగి, సుమను తల నుంచి కాళ్ళ దాకా ఒకసారి చూసుకుని, మెట్లు దిగిపోయింది.

సుమ లేచి నిలబడింది. లోపల ఏం రాయించిందో ఏమో!

పిలుపు రాగానే పరుగున వెళ్ళింది.

"సార్, ఆమె ఎవరో నాకు తెలీదు. నేను తేలేదు. ఆ సాక్ష్యం కొట్టేయండి సార్!"

క్లర్కు కళ్ళజోడు పైనుంచి చూశాడు.

"నువ్వు తేలేదు, నిజమే. మా వీఆర్వో రామాంజి మీ పల్లెలో నాలుగు దినాలు విచారించి ఆమెను కనిపెట్టినాడు. పేరు మారెక్క. అప్పట్లో మీ ఎదురింట్లోనే ఉండేదంట."

సుమ గొంతు తగ్గించి అడిగింది.

"వేలిముద్ర వేసే మనిషికి... తేదీ ఎట్ల గుర్తుంటాది సార్?"

"అనుమానం నీకొక్కదానికేనా? మేమూ అదే అడిగినాం. ఒక కాగితం చూపించింది. మా సారు సంతకం పెట్టేసినాడు. రేపొచ్చి సర్టిఫికెట్టు తీసుకో."

సుమ వరండాలోకి పరుగెత్తింది. రోడ్డు దాకా వెళ్ళి చూసింది. మారెక్క కనబడలేదు, హిందూపురం బస్సు వెళ్ళిపోయింది. రొప్పుతూ మళ్ళీ లోపలికొచ్చింది.

"ఆమె ఫోన్ నంబరు సార్?"

"ఫోన్ యాడిది? గొర్రెల మందతో తిరుగుతాంటారు. ఈ వారం లేపాక్షి పక్క ఉండారు. వచ్చే వారం యాడుంటారో వాళ్ళకే తెలీదు."

"నా గురించి ఏమన్నా చెప్పిందా?"

"పాపను గుర్తు పట్టినావా అని అడిగినాం. పట్టినాను సామీ, బయట కూర్చోనుండాది, పాపం శానా భయపడతాండాది, మీరేమీ అనాకండి అన్నది."

సుమకు సిగ్గుతో, దుఃఖంతో కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

క్లర్కు ఫైలు ఆమె వైపు తిప్పాడు. పైన, ఆసుపత్రి ఇచ్చిన ఒక పసిబిడ్డ మరణ పత్రం నకలు. దాని మీద ఉన్నది, సుమ పుట్టిన రోజుకు సరిగ్గా రెండు రోజుల ముందు తేదీ. కింద, మారెక్క చెప్పింది చెప్పినట్టే రాసుకున్న వాంగ్మూలం:

"నా బిడ్డ పోయిన మూడో దినం ఈ పాప పుట్టింది, తల్లి లేకపోయేసరికి ఏడాది పొడుగునా నా పాలే తాగింది, ఆ తేదీ నేనెట్ల మర్చిపోతాను సామీ?"