అక్షరాలకు పెద్దపీట

వార్తలు మొదలై నాలుగు నిమిషాలు. యాంకర్ నోరు తెరిచింది. తెరిచినట్టే ఉండిపోయింది.

"మళ్ళీ బొమ్మ బిగుసుకుపోయింది అత్తయ్యా!" వెనక బల్ల దగ్గర్నుంచి అరిచింది కోడలు.

కంట్రోల్ రూమ్‌లో ముందు కుర్చీలోని అత్తగారు తల తిప్పలేదు. చానల్ వార్తలకి ఆవిడే డైరెక్టర్. ఈ పిల్లని ముందు కంప్యూటర్ ఇంజనీరుగా ఏరుకుని, ఆర్నెల్లకి కొడుక్కీ ఏరిపెట్టిన మనిషి. అలాంటిది, రెండు నెలలుగా పిలిస్తే పలకడం మానేసింది.

ఆవిడ మోచేతి పక్కనే ఫోన్ గొంతు చించుకుంటోంది. కోడలే పరుగున వచ్చి ఎత్తింది.

"వారంలో ఇది మూడోసారి," అన్నాడు చైర్మన్. "వార్తలయ్యేలోగా కారణం చెప్పు. లేదంటే రేపట్నుంచి రానక్కర్లేదు."

కోడలు ఫోన్ పెట్టేసింది. వెళ్ళి కీబోర్డు మీద పడింది. నడుస్తున్న పనుల జాబితా తెరిచింది. బొమ్మని పంపే ప్రోగ్రామ్ ఆకలితో మాడుతోంది. యాంకర్ మాటల్ని తెర అడుగున అక్షరాలుగా వేసే ప్రోగ్రామ్ మాత్రం కంప్యూటర్ శక్తినంతా సుష్టుగా మెక్కుతోంది. ఎవరో దాని ప్రాధాన్యం అన్నిటికంటే పైకి ఎక్కించారు. కంప్యూటర్ మాత్రం ఏం చేస్తుంది, ఎవరికి ముందు పెట్టమంటే వాళ్ళకే పెడుతుంది!

కోడలు దాన్ని కిందికి దించింది. యాంకర్ నోరు కదిలింది. అక్షరాలు మాటకంటే ఆరు సెకన్లు వెనకబడ్డాయి.

అత్తగారు గిరుక్కున తిరిగింది. "ఏం చేశావే?"

"బొమ్మని బతికించాను. అక్షరాల్ని పైకెక్కించాలంటే పాస్‌వర్డ్ కావాలి అత్తయ్యా. అది తెలిసింది మనిద్దరికే." కోడలి చెంపల మీద నీళ్ళు కారాయి. "ఎలా మార్చాలో నేర్పిందీ నేనే. నేనంటే మొహం మొత్తితే ఇంట్లోనే చెప్పొచ్చుగా! ఉద్యోగానికి ఎసరు పెట్టాలా?"

అత్తగారు రెప్ప వెయ్యకుండా ఆమె పెదాల వంకే చూసింది. తర్వాత చైర్మన్ నంబరు నొక్కి, అవతల ఎత్తారో లేదో చూసుకోకుండానే మొదలుపెట్టింది.

"చేసింది నేను సార్. పిల్ల తప్పేం లేదు. తీసేస్తే నన్ను తీసెయ్యండి."

'ఎందుకమ్మా?' అన్న చైర్మన్ కేక కోడలి దాకా వినిపించింది. ఆవిడ మాత్రం ఫోన్ పెట్టేసి, కోడలి చెంపలు తుడిచింది.

"పిచ్చిదానా, నిన్ను వదులుకుంటానుటే?"

"మరెందుకు చేశారు?"

"ఆ అక్షరాలు వెనకబడితే నేను వార్తలు నడపలేను."

"ఇరవయ్యేళ్ళు అవి లేకుండానే నడిపారుగా!"

"అప్పుడు వినపడేది."