పది తాలాల బుట్ట

"ఇది అన్యాయం సార్!"

సినేవా కేకకి కాలేజీ మైదానంలో గుడారాలు కడుతున్న వాళ్ళంతా ఇటు తిరిగారు.

ప్రొఫెసర్ సపోలు తన అంగడి పలక మీద బుట్ట ధర 'ఇరవై తాలాలు' అన్నది చెరిపేసి 'పది' అని పెద్దక్షరాలతో రాశాడు. సుద్ద అంటిన చెయ్యి తీరిగ్గా నడుముకి చుట్టుకున్న లావాలావాకి తుడుచుకున్నాడు.

"అన్యాయం కాదమ్మాయ్, మార్కెట్. నువ్వు ఇరవై అన్నావు, నేను పది అన్నాను. జనం ఎటొస్తారో చూద్దాం."

"పదికి అమ్మితే రైతుకేం మిగులుతుంది సార్? క్లాసులో మీరే చెప్పారు కదా?"

"క్లాసు నిన్న. ఇవాళ పోటీ!"

పక్కనున్న లెక్చరర్ ఫీలిపో పడీ పడీ నవ్వాడు.

వ్యవసాయ ఆర్థికశాస్త్ర విభాగం ఏటా పెట్టే సంత అది. లెక్చరర్లకో అంగడి, విద్యార్థులకో అంగడి. చెరో అరవై బుట్టల చేమదుంపలు. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళంతా వచ్చి కొనుక్కుపోతారు. మధ్యాహ్నం పన్నెండుకి డీన్ వచ్చి గల్లా డబ్బాలు తెరుస్తుంది. ఎవరి డబ్బా బరువైతే షీల్డు వాళ్ళది. పదకొండేళ్ళుగా ఆ షీల్డు లెక్చరర్ల గది గడప దాటలేదు.

సినేవాకి షీల్డు ఒక్కటే కాదు. పరిశోధన బృందంలో చేరతానని ఆమె పెట్టుకున్న దరఖాస్తుని సపోలు మూడుసార్లు వెనక్కి పంపాడు. మూడోసారి కింద ఒక ముక్క కూడా రాశాడు: "మార్కులున్నాయి. బజారు బుర్ర లేదు."

"సార్, ఇవాళ మేం గెలిస్తే నా దరఖాస్తు మీద సంతకం పెడతారా?"

"రెండు చేతులతో పెడతా. ఓడిపోతే పొయ్యి దగ్గర పొగ మింగుతూ మా అందరికీ వంట చెయ్యాలి. సరేనా?"

"సరే సార్."

ఎనిమిదికి గేటు తెరిచారు. గేటు దగ్గర కాచుకుని ఉన్న పికప్ బండొకటి అందరికంటే ముందు దూసుకొచ్చి లెక్చరర్ల అంగడి ముందాగింది. చర్చికి పెట్టుకునే వెడల్పాటి టోపీతో, భారీ విగ్రహమున్న ఒకావిడ దిగింది.

"ఎంత బాబూ?"

"పదేనమ్మా! మొత్తం ద్వీపంలో ఇంత చవగ్గా దొరకవు."

"అయితే అన్నీ బండెక్కించు."

ఫీలిపో నోరు తెరిచాడు. "అరవై బుట్టలూనా? అన్నెందుకమ్మా?"

"బోలెడుమంది వస్తారయ్యా మాకు. ఎండెక్కకముందే కానివ్వు!"

పావుగంటలో అంగడి ఊడ్చినట్టయింది. సపోలు ఖాళీ బల్ల మీద తబలా వాయించాడు. కొబ్బరిబోండాం కొట్టించుకుని, గడ్డిలో కుర్చీ వేసుకుని, కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు.

"చూశావా ఫీలిపో? ధర ఒక్కటి సరిగ్గా పెట్టాలంతే. గేటు తీసి ఇంకా అరగంట కాలేదు!"

తొమ్మిదికి బస్సులు దిగాయి. రంగురంగుల బస్సుల్లోంచి జనం ఒక్కసారి విరుచుకుపడ్డారు. ఆదివారం భోజనాలకి చేమదుంపలు లేకుండా ఎవరూ ఇంటికి పోరు. లెక్చరర్ల బల్ల ఖాళీ. అందరూ సినేవా ముందు మూగారు.

"బుట్టెంత పిల్లా?"

"పాతిక అత్తా."

"పాతికా! కళ్ళు నెత్తికెక్కాయేంటే?"

"టౌను మార్కెట్‌కి బస్సులో పోతే ఎండ, తోపులాట. ఇక్కడైతే నేనే మోసుకొచ్చి బస్సులో పెడతా."

ఆవిడ గొణుక్కుంటూనే రెండు బుట్టలు తీసుకుంది. వెనకున్నాయన మూడు. సినేవా గొంతు బొంగురుపోయింది. ఆమె జట్టులోని తాసీ గుడారం వెనక్కి పరిగెత్తడం, బుట్టలు మోసుకురావడం, మళ్ళీ పరిగెత్తడం. చెమటకి వాడి చొక్కా పిండొచ్చు.

సపోలు కుర్చీలోంచే అరిచాడు. "ఏమ్మా, ఇంకా అవ్వలేదా? మావి ఎప్పుడో ఎగిరిపోయాయి!"

"అవుతున్నాయి సార్, అవుతున్నాయి!"

పదకొండున్నరకి సపోలు ఫోను మోగింది. ఇంటినుంచి. ఫోను పెట్టేసి తల గోక్కుంటూ విద్యార్థుల అంగడికి వచ్చాడు.

"మా ఆవిడ దుంపలు తెమ్మంటోంది. నావేమో ఒక్కటీ మిగల్లేదు, ఏం చేస్తాం! రెండు బుట్టలివ్వు. నీకూ కాస్త బేరం చేసినట్టుంటుంది."

"ఆఖరివి సార్. ఒక్కోటి ముప్పై."

"ముప్పయ్యా! గురువుగారికి కూడానా?"

"మార్కెట్ సార్."

చుట్టూ ఉన్నవాళ్ళు గొల్లుమన్నారు. సపోలు కూడా నవ్వేసి అరవై తాలాలు డబ్బాలో పడేశాడు. ఓడిపోబోయే పిల్లలకి ఆమాత్రం ఇవ్వొచ్చుననుకున్నాడు.

పన్నెండయింది. డీన్ వచ్చి రెండు డబ్బాలూ తెరిచింది. మైదానం మొత్తం బల్ల చుట్టూ చేరింది. సినేవా తాసీ చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"లెక్చరర్లవి ఆరువందలు."

చప్పట్లు. సపోలు చెయ్యి ఊపాడు.

"విద్యార్థులవి, డబ్బాలో పెట్టిన చీటీ ప్రకారం అప్పు తెచ్చిన ఆరువందలూ తీసేశాక..." డీన్ ఆగి, కళ్ళజోడు సవరించుకుంది. "రెండువేల నాలుగువందల పైమాటే!"

మైదానం దద్దరిల్లింది. తాసీ షీల్డు ఎత్తుకుని పరుగందుకున్నాడు. ఎవరో డప్పు బదులు నూనె డబ్బా అందుకున్నారు. రెండు చేతుల్లో రెండు బుట్టలతో సపోలు మాత్రం నిలబడ్డచోటే నిలబడిపోయాడు.

"ఆగండాగండి! మీకిచ్చినవి అరవై బుట్టలే కదా? ముప్పై చొప్పున అమ్మినా ఇంత రాదే! ఇంకా దుంపలు ఎక్కణ్ణుంచి తెచ్చారు?"

సినేవా దరఖాస్తు కాగితం, పెన్నూ ఆయన ముందు పెట్టింది. బొంగురు గొంతుతోనే చెప్పింది.

"ఆ టోపీ ఆవిడ మా మేనత్త సార్. ఆ బుట్టలు కింద పెట్టి సంతకం చెయ్యండి, అవి పొద్దున మీరు పదికి అమ్మినవే!"