నూట పధ్నాలుగో సమాధి

"నూట పధ్నాలుగు మాత్రం వదిలెయ్ అబ్బాయ్," అన్నాడు ఈనస్ కట్‌షా, వరండా మెట్టు మీద నుంచి లేవకుండానే.

డెల్బర్ట్ ప్రాఫిట్ ఒళ్లో పరుచుకున్న కౌంటీ పటంలోకి చూశాడు. సోరెల్ నది వెంబడి గీసిన నీలం గీతకి లోపలున్నదంతా వచ్చే వసంతానికి ఆనకట్ట నీళ్ళలో మునుగుతుంది. కౌంటీలో మొట్టమొదట జనం దిగిన లోయ అది. పాత చర్చి, పిండిమర, నాలుగు వందల పన్నెండు సమాధులు. ఆ సమాధులన్నిటినీ గుట్ట మీదికి మార్పించడం డెల్బర్ట్ ఉద్యోగం. మొండివాళ్ళ లోయ అని ఎవరూ రానంటే, తనే అడిగి వేయించుకున్నాడు. మిగిలింది ఈ ఒక్క సంతకమే.

"ఖర్చంతా ప్రభుత్వానిదే పెద్దాయనా. కొత్త శవపెట్టె కూడా ఇస్తారు."

"బతికున్నోళ్ళకి రోడ్డెయ్యని ప్రభుత్వం చచ్చినోళ్ళకి బండి పంపుతోందన్నమాట."

లోపలి నుంచి అతని కూతురు ఆర్ఫా పళ్ళెం పట్టుకుని వచ్చింది.

"ఆయన మాట వినకండి ఆఫీసరు గారూ. మా అమ్మని మార్చాల్సిందే. ఏటా మే నెలలో ఊరంతా తమవాళ్ళ సమాధుల మీద పూలు పెడుతుంటే, నేనేం చెయ్యను? పడవెక్కి చేపలకి వెయ్యనా?"

"ఇరవై ఎనిమిదేళ్ళు పెట్టావుగా. చాల్లే."

"నిన్నేమన్నా మొయ్యమన్నామా నాన్నా?"

ఆర్ఫా పళ్ళెం డెల్బర్ట్ ముందు పెట్టింది. ఎండు ఆపిల్ ఉడికించి పొరలుపొరలుగా పేర్చిన కేకు.

"మిరియాలపొడి వేశాను. మా అమ్మ అలాగే వేసేది. ఈ లోయలో ఇంకెవరూ వెయ్యరు."

డెల్బర్ట్ నెమ్మదిగా తిన్నాడు. ఇంకో ముక్క అడిగి మరీ రుమాల్లో చుట్టుకున్నాడు. తర్వాత కలం తీశాడు.

"ఆవిడ ఎలా పోయారు?"

"జ్వరం. పందొమ్మిది వందల ఏడు, జనవరి. మంచుకి దారులన్నీ మూసుకుపోయాయి. పాస్టరు రాలేకపోయాడు. ఈ పిల్ల అప్పుడు వాళ్ళ అమ్మమ్మ దగ్గరుంది. పెట్టె నేనే చేశా, గొయ్యి నేనే తవ్వా."

"రూలేంటంటే, తవ్వేటప్పుడు సొంతవాళ్ళు ఒకరు దగ్గరుండాలి. పాత పెట్టె తెరిచి, వాళ్ళ కళ్ళముందే కొత్తదాంట్లోకి మారుస్తారు."

"నేనుంటాను," అంది ఆర్ఫా.

ఈనస్ పైపు వెలిగించబోయాడు. మూడుసార్లు గీసినా అగ్గిపుల్ల అంటుకోలేదు.

"నేను ఒప్పుకోకపోతే?"

"నీళ్ళకిందే ఉండనివ్వమని రాసిచ్చే కాగితం కూడా ఉంది. భర్త సంతకం పెడితే ఇక కూతురి మాట చెల్లదు."

డెల్బర్ట్ సంచిలోంచి రెండు కాగితాలూ తీసి, నీళ్ళకింద వదిలెయ్యమనే కాగితాన్నే పైన పెట్టాడు. కలం మూత తనే విప్పి ఇచ్చాడు.

"మీరొచ్చింది మార్పించడానికా, ముంచడానికా?" అంది ఆర్ఫా.

ఈనస్ సంతకం చేశాడు. ఆర్ఫా పళ్ళెం తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. తలుపు చప్పుడుకి కుక్క లేచి కూర్చుంది.

"నీకు తల్లి ఉందా అబ్బాయ్?" అన్నాడు ఈనస్.

"ఉంది. కొండ అవతల, పక్క కౌంటీలో."

ముసలాయన అతని మొహంలోకి కాసేపు చూశాడు. "బాగా చూసుకో," అన్నాడు.

డెల్బర్ట్ పటం మీద నూట పధ్నాలుగు చుట్టూ నీలం పెన్సిలుతో సున్నా చుట్టాడు. పొద్దు వాలేలోగా కొండ దాటి ఇల్లు చేరాడు. వరండాలో చిక్కుడుకాయలు ఒలుస్తున్న తల్లి చేతిలో రుమాలు పెట్టాడు. ఆమె కేకు కొసని తుంచి నోట్లో వేసుకుంది. చాలాసేపు నమిలింది.

"సంతకం పెట్టాడా?"

"పెట్టాడమ్మా, నీ సమాధిని ఇంకెవరూ తవ్వరు."