నత్త చేరిందా?

"'అంత పరుగు దేనికే నత్తా?' అని కప్ప అడిగింది. 'మా అక్క పెళ్ళి. ఆలస్యమైతే అలుగుతుంది' అంది నత్త. అప్పటికి ఆ అక్కకి ఇద్దరు పిల్లలు."

కథ వింటున్న కూతురికంటే ముందు, బస్టాపు బల్ల చివర కూర్చున్న ముసలాయన ఫక్కున నవ్వాడు.

పరాయివాళ్ళ మాటలకు చెవి ఒగ్గేవాళ్ళంటే కథ చెప్తున్న తల్లికి ఒళ్ళుమంట. ముఖం చిట్లించి, పాపను దగ్గరకు లాక్కుంది.

"ఇంతకీ నత్త పెళ్ళికి చేరిందా అమ్మా?"

"తెలీదే తల్లీ. నా చిన్నప్పుడు ఒకాయన రోజుకి కాస్త చొప్పున చెప్పేవాడు. చివర వినకముందే మేం ఊరు మారిపోయాం."

పెద్దయ్యాక ఆయన కోసం పాత ఊరికి వెళ్ళి వీధి వీధీ తిరిగింది. ఎవరిని అడిగినా పెదవి విరిచారు. ఆ చివర తెలియనందుకు ఆమెకు ఇప్పటికీ దిగులే. తన చిన్నతనం సగం దారిలో ఎక్కడో ఆగిపోయినట్టు ఉండేది.

ముసలాయన గొంతు సవరించుకున్నాడు.

"చివర నేను చెప్పనా పాపా?"

"వద్దులెండి," అంది తల్లి. "సొంతంగా అల్లిన చివరలు మా ఇంట్లోనే బోలెడున్నాయి. మా అత్తగారైతే ఆ నత్తని ఏకంగా విమానం ఎక్కించేశారు."

ఆయన మళ్ళీ నవ్వాడు. ఈసారి నవ్వు కాస్త తడబడింది.

"నన్నెక్కడైనా చూసినట్టుందా అమ్మాయీ?"

ఆమె తేరిపార చూసింది. నుదుటి నిండా ముడతలు, నెరిసిన కనుబొమలు, ముందు ఊడిన పన్ను. ఏదీ ఎరిగినట్టు లేదు.

"లేదండీ. మీరు నన్ను చూసి ఇంకెవరో అనుకుంటున్నారు."

"అంతేలే. మొహం చూస్తే నీకెలా తెలుస్తుంది!"

ఆయన ఇంకేదో చెప్పబోయాడు. ఇంతలో ఆయన ఎక్కాల్సిన బస్సు వచ్చేసింది.

"రావాలి, రావాలి! తొందరగా!" కండక్టరు కేకేశాడు.

ఆయన పాప తల నిమిరి, సంచీ భుజాన తగిలించుకుని బస్సు వైపు నడిచాడు.

హమ్మయ్య, పీడ విరగడైంది అనుకుంటూ ఆమె అటు చూసింది.

ఎడమవైపు ఒరిగిన భుజం, చేటల్లాంటి చెవులు, మెడ వెనక అడ్డంగా పడిన మడత. ఆమె చటుక్కున లేచింది.

"బాబాయ్! ఆగు బాబాయ్!"

పాపను చంకనేసుకుని పరుగెత్తింది. బస్సు మలుపు తిరిగి వెళ్ళిపోయింది.

"ఎవరమ్మా ఆ తాత?"

ఆమెకు ఏడుపు ఆగలేదు.

బడికి వెళ్ళే దారి పొడుగునా, రోడ్డు మీది చూపు తిప్పకుండా రిక్షా తొక్కుతూ, వెనక కూర్చున్న తనకు నత్త కథ చెప్పింది ఆ వీపే.