గోడ దాటని రౌటరు

"గోడ దాటి అంగుళం కూడా బయటికి పోని రౌటరు ఉంటే ఇవ్వండి" అంది సుహాసిని.

గరివిడి స్టేషను రోడ్డులో నెట్టు సామాన్లు అమ్మే యుగంధర్ తాగుతున్న టీ పక్కన పెట్టాడు. "అందరూ దూరం పోయేది కావాలంటారు. మీరేటండీ, తిరగేసి అడుగుతన్నారు?"

"మా ఎదురింటి ఎలీసమ్మగారి కోసం. రోజూ నాలుగయ్యేసరికి ఫోను పట్టుకుని అరుగు మీద కూర్చుంటారు. సరిగ్గా అప్పుడే నా నెట్టు నీరసపడిపోతుంది. మా అమ్మే పాస్‌వర్డు చెప్పేసి ఉంటుంది. ఆవిడ కడుపులో ఏ మాటా దాగదు."

యుగంధర్ నవ్వి రెండు పెట్టెలు ముందు పెట్టాడు. "నాలుగు యాంటెనా కొమ్ములదైతే ఈధంతా అందుతాది. రెండు కొమ్ములది మీ రెండు గదులకి సరిపోద్ది."

"రెండు కొమ్ములదే ఇవ్వండి. రేపటి నుంచి నాకు ఇంటి నుంచే డ్యూటీ. మొదటి రోజే నెట్టు ఆగితే ఉద్యోగం పోతుంది. పాత వైఫై పేరూ పాస్‌వర్డూ దీంట్లో వేసేయండి. పేరు పద్మకుమారి, మా అమ్మ పేరే."

"పేరూ పాస్‌వర్డూ అవే అయితే డబ్బా ఏదైనా మీ లాప్‌టాపు దానంతటదే పట్టీసుకుంటాది. మారినట్టు కూడా తెలీదు. పాతది ఇచ్చీండి, ధర తగ్గిస్తాను."

సుహాసిని సంచిలోంచి పూల గుడ్డ చుట్టిన పాత రౌటరు తీసింది. దుమ్ము పడుతుందని నెల కిందట అటక మీదే వాళ్ళమ్మ దానికా గుడ్డ కప్పింది. పొద్దున్న సుహాసిని స్విచ్చి ఆపి, ఆ గుడ్డతోనే ఎత్తుకొచ్చేసింది.

"ఇది మాత్రం ఇవ్వనండి. నెల రోజుల ట్రైనింగు. ఒక్క క్లాసు తప్పినా ఉద్యోగం రాదన్నారు. వర్షాల్లో కూడా ఇది నా చెయ్యి వదల్లేదు. నిన్ననే ఉద్యోగం ఖాయమైంది. దీని రుణం ఎలా తీర్చుకోను?" అని రౌటరును కళ్ళకద్దుకుంది. నిజంగానే ఆమె కళ్ళు చెమర్చాయి.

యుగంధర్ దాన్ని ప్లగ్గులో పెట్టాడు. ఒక్క లైటూ వెలగలేదు. మూత విప్పి చూస్తే లోపలంతా నల్లగా మాడిపోయి ఉంది.

"ఇది ఎప్పుడో పోనాదండి. మొన్న నెల్లో పెద్ద పిడుగు పడినాది సూడండి, అప్పుడు మీ ఈధిలో పోయినవన్నీ ఇలాగే మాడినాయి."

"భలేవారే! నిన్న సాయంత్రం దాకా దీంతోనే పని చేశాను."

అంతలో ఆమె ఫోను మోగింది. ఇంట్లో ఉన్న సిమ్ము లేని ట్యాబులోంచి పద్మకుమారి వీడియో కాల్ చేస్తోంది.

"రౌటరు దొరికినాదేటే?"

సుహాసిని బల్ల మీది మాడిన డబ్బాను చూసింది, తెర మీది అమ్మను చూసింది. "అమ్మా, మన రౌటరు ఇక్కడుంటే నీకు నెట్టెలా వస్తోందే?"

పద్మకుమారి నాలిక కరుచుకుంది. "అదంతా తర్వాత. వచ్చినపుడు కేజీ మిఠాయి తే. సగం ఎదురింటికి." కాల్ తెగిపోయింది.

ఆటో దిగేసరికి నాలుగైంది. ఎలీసమ్మ ఎప్పటిలాగే అరుగు మీద ఫోను పట్టుకుని ఉంది. సుహాసిని చంకలో రౌటరు పెట్టె, చేతిలో మిఠాయి చూసి ముఖమంతా నవ్వుతూ లేచి నిలబడింది.

"ఉద్యోగం వచ్చినాదట గదా తల్లీ! దేవుడికి స్తోత్రం. రోజూ ఈ ఏళకి మా మనవరాల్ని ఫోన్లో సూడకపోతే నాకు ముద్ద దిగదు. అప్పుడు నీకు నెట్టు కొంచెం ఆగీసుంటాది. ఏటీ అనుకోకమ్మా."

దొంగ దొరికిందనుకుంది సుహాసిని. అయినా ఆ ముఖం చూశాక కోపం రాలేదు. మిఠాయి పొట్లం ఆమె చేతిలో పెట్టింది.

ఎలీసమ్మ మిఠాయి ముక్క ముందు సుహాసిని నోట్లోనే పెట్టి అంది: "నీకు తెలిస్తే మొగమాటపడి వాడకం మానేస్తావని మీ యమ్మని సెప్పనివ్వనేదు. కొత్తది వచ్చీసినాది గదా, ఇంక మా రౌటరుకి పద్మకుమారి పేరు తీసీసి నా పేరు ఎట్టించుకుంటాను."